లేతరంగు పట్టీలో మొదటి వరుస

2006లో గద్వాలలో నాకు నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. పరీక్ష ఫలితాలు, దరఖాస్తులు, ప్రింట్లు మా రోజువారీ పని. ఏది అడిగినా వెతికిపెట్టే ఒక అమెరికా కంపెనీ అప్పటికే విపరీతంగా పెరుగుతోంది. మొదట వెతికే పెట్టె ఒక్కటే ఉండేది. తర్వాత ఉచిత మెయిల్ వచ్చింది, ఆ వెనకే ఆకాశం నుంచి భూమిని చూపే పటాలు వచ్చాయి. తెరమీద కృష్ణా నదిని, జూరాల ఆనకట్టను చూపిస్తే జనం కళ్లు పెద్దవి చేసుకుని చూసేవారు. నేను ఉపన్యాసం మొదలుపెట్టేవాడిని. తాయెత్తులు కట్టేవాళ్లతో సభల్లో వాదించిన నోరు నాది. బాబాల పని ఇక అయిపోయిందని గట్టిగా నమ్మాను.

ఒక మధ్యాహ్నం వీరేశం, అతని భార్య సుజాత వచ్చారు. అతను మగ్గం మీద చీరెలు నేస్తాడు, ఆమె నూలును కండెలకు చుడుతుంది. ఆమె రొమ్ములో గడ్డ. అది క్యాన్సరనీ, వెంటనే ఆపరేషన్ చేయించాలనీ కర్నూలు డాక్టర్ చీటీ మీద రాశాడు.

"జర గీ చీటీల ఏముందో చెప్పున్రి సార్. రేపు బాబా కాడ తాయెత్తు కట్టిచ్చుకొని, గప్పుడు ఆపరేషన్‌కు కర్నూలు పోతం" అన్నాడు వీరేశం.

తాయెత్తు మాట వినగానే నాకు మండింది. "బాబా ఎందుకయ్యా? దీన్ని అడుగుదాం" అని కంప్యూటర్‌లో జబ్బు పేరు కొట్టాను.

వరుసలు పడ్డాయి. అన్నిటికంటే పైన లేతరంగు పట్టీలో ఒక మూలికల దుకాణం: కోత లేకుండా మూడు నెలల్లో నయం. దీన్ని మా పనిలో స్పాన్సర్డ్ లింక్ అంటారు. అంటే డబ్బు కట్టి పైన వేయించుకున్న ప్రకటన. ఆ సంగతి నాకు తెలుసు.

అయినా ఆ పైవరుసనే తెలుగులో చదివి వినిపించాను.

"సార్, షావుకారుకు చూపెట్టేటప్పుడు మేం మంచి చీరెనే పైన పెడ్తం. గిది గూడ గంతేనా?" అని అడిగాడు వీరేశం.

అవతల ఫలితాల కోసం వచ్చినవాళ్లు పిలుస్తున్నారు. "గంతే అనుకో" అన్నాను.

సుజాత ముఖం వెలిగింది. "నాకు కోతంటేనే పానం పోతుండె. దేవుడే చూపిచ్చిండు."

"దేవుడు కాదమ్మా, కంప్యూటర్!" అన్నాను. ఆ మాటకు నేనే మురిసిపోయాను.

ప్రింట్ తీసిచ్చాను. మాది నలుపు-తెలుపు ప్రింటర్. లేతరంగు పట్టీ కాగితం మీద పడలేదు. ప్రకటన కూడా మిగతా వరుసల్లాగే కనిపించింది. వాడుక ప్రకారం కింద మా సెంటర్ ముద్ర వేశాను. ముద్ర లేని కాగితాన్ని మావాళ్లు నమ్మరు.

ఆ దుకాణం నుంచి వాళ్లకు నెలనెలా మందుల పార్శిళ్లు వచ్చాయి. దారిలో కనిపించినప్పుడు "మందు తాగుతుంది సార్" అనేవాడు వీరేశం. ఆపరేషన్ సంగతి నేను ఒక్కసారీ అడగలేదు.

ఆరో నెలలో గడ్డ పుండై పగిలింది. కర్నూలు తీసుకుపోతే, ఇప్పుడు కోసి లాభం లేదన్నారు. కండె తిప్పడానికి ఆమె చేయి లేవడం మానేసింది. మరో రెండు నెలలకు చనిపోయింది.

ఆ తర్వాత వీరేశం సెంటర్‌కు వచ్చి ఆ కాగితం నా బల్ల మీద పెట్టాడు. నాలుగు మడతల దగ్గరా చిరిగిపోయి ఉంది. ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇది పైసలు కట్టి ఏపిచ్చుకున్నదని మా అన్న కొడుకు చెప్పిండు. మీకు తెల్వదా సార్?"

"తెలుసు" అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "తాయెత్తు కట్టిచ్చుకున్నా కర్నూలు పోతుంటిమి సార్" అని వెళ్లిపోయాడు.

ఆ బాబా ఎవరినీ దవాఖానకు పోవద్దనలేదు. ఆపరేషన్‌కు బయలుదేరిన మనిషిని ఆపింది హేతువాదినైన నేను. చెప్పేది ఎవరు, ఎందుకు చెబుతున్నారు, రుజువేమిటి అని బాబాలను అడిగిన మూడు ప్రశ్నలను నా బల్ల మీది పెట్టెను నేనెప్పుడూ అడగలేదు. ప్రశ్న అడగని చోట మూఢనమ్మకమే ఉంటుంది. దాని ముందు విభూది ఉందా, కీబోర్డు ఉందా అన్నది తేడా కాదు.

ఆ రోజు నుంచి నా సెంటర్‌లో ప్రింట్ల మీద ముద్ర వేయలేదు. ఎవరైనా జబ్బు పేరు కొట్టమంటే ముందు ఆ చిరిగిన కాగితం చూపించి, పైవరుస మీద వేలు పెట్టి, సుజాత పేరు చెప్పేవాడిని. ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చునేవాడిని.