సముద్రపు రాళ్ళ మీద దొడ్డుప్పు

ఈ సంగతి మా ఇంట్లో నేను ఎప్పుడు ఎత్తినా ఎవరో ఒకరు మాట మార్చారే తప్ప జవాబు చెప్పలేదు, అందుకే రాసిపెడుతున్నాను. మొన్న మోండా మార్కెట్‌లో మామిడికాయలు కొట్టే చోట నిలబడితే, ఆ పచ్చి పులుపు వాసనకు అంతా మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది.

అప్పట్లో సీతాఫల్‌మండిలో మాదీ పెద్దనాయన వాళ్ళదీ ఒకటే వాకిలి. ఎండాకాలం ఆవకాయ తొక్కు పెట్టే రోజున పెద్దమ్మ మామిడి ముక్కలు తుడిచి పాత ధోవతి మీద ఆరబెట్టేది, అమ్మ ఆవపిండి జల్లించేది, వెల్లుల్లి పొట్టు గాలికి ఇల్లంతా తిరిగేది, తడి చేతులతో అటు రావద్దని తిట్లు తింటూ పిల్లలం అరుగు మీదే ఉండేవాళ్ళం. అట్లాంటి ఒక రోజున నేను క్యాలెండర్‌లోని సముద్రపు ఒడ్డు చూసి నీటిరంగులతో బొమ్మ వేస్తున్నాను. అప్పటికి సముద్రం చూసినవాణ్ణి కాదు. నీళ్ళు, ఆకాశం కుదిరాయి కానీ ఒడ్డున రాళ్ళు మాత్రం మడతపెట్టిన దుప్పట్లలా నున్నగా వచ్చాయి. ఇంతలో దొడ్డుప్పు చాటతో పక్కనుంచి వెళ్తున్న పెద్దమ్మ చేతిలో చాట ఒరిగి, గుప్పెడు ఉప్పు తడి రంగు మీద పడింది.

"ముట్టకురా, ఎండనియ్. ఇప్పుడు తుడిస్తే అంత ఖరాబైతది" అంది.

ఎండాక దులిపితే, ఉప్పుగల్లు పడిన ప్రతిచోటా రంగు పీల్చుకుపోయి తెల్లటి గుంటలు తేలాయి. రాళ్ళు ఏళ్ళ తరబడి అలలు కొట్టినట్టు గరుకెక్కాయి.

పెద్దనాయన ఆ బొమ్మకు రాంగోపాల్‌పేట్‌లో ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టాడు. ఆయన కొడుకు శ్రీధర్ అన్న ఆ ఏడే పరీక్ష తప్పాడు. వచ్చినవాళ్ళందరికీ పెద్దనాయన, "చదువు లేకుంటేంది, బొమ్మ చూడుండ్రి, మా శ్రీధర్ ఏసిండు" అని చూపించేవాడు. అన్న కాదనలేదు. నేను ఏడిస్తే అమ్మ, "ఎవ్వడేస్తే ఏందిరా, ఇంట్లనే ఉన్నది గద" అంది. అంతా తెలిసిన పెద్దమ్మ ఆ పూట నా కొత్త తొక్కు ముద్దలో నూనె కాస్త ఎక్కువ పోసింది, అంతే. ఆ తర్వాత ఆ గదిలో ఎప్పుడూ బొమ్మకు వీపు పెట్టే కూర్చున్నాను.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, పెద్దమ్మ, పెద్దనాయన లేరు, దొడ్డుప్పు పోయి ఇళ్ళలోకి మెత్తటి ఉప్పు పాకెట్లు వచ్చాయి. బొమ్మ మాత్రం శ్రీధర్ అన్న ఫ్లాట్‌లో సోఫా పైన ఉంది. పోయిన ఆదివారం భోజనానికి పిలిస్తే వెళ్ళాను. స్కూల్లో డ్రాయింగ్ నేర్చుకుంటున్న ఆయన మనవరాలు సోఫా ఎక్కి, "తాతా, గీ రాళ్ళు ఇట్ల గరుకుగ ఎట్ల చేసినవ్?" అని అడిగింది.

అన్న నా వైపు ఒకసారి చూసి, "జెర ఆగు బిడ్డా, ఫస్ట్ తిందాం పా, అన్నం సల్లారుతది" అన్నాడు.

అన్నం పొగలు కక్కుతూనే ఉంది. తిని వచ్చేశాను.

అన్నా, ఆ రాళ్ళు గరుకుగా ఎట్లా వచ్చాయి? నాకు చెప్పకపోయినా సరే, ఆ పిల్లకు చెప్పు.