నాంచారమ్మ వంతు

మొండయ్యకు చేతకాని పని ఒక్కటే, ఊరికే కూర్చోవడం. మిగతావన్నీ వచ్చు. బొగ్గు బావిలో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి, ఫిల్లర్‌గా బతుకంతా బొగ్గు మోసే టబ్బులు నింపాడు. రిటైరై ఇల్లందులో చిన్న ఇల్లు కట్టుకున్నాక కూడా దాని చుట్టూ ఏదో ఒకటి తవ్వుతూనో, పాతుతూనో, పాతినదాన్ని మళ్లీ పీకుతూనో ఉండేవాడు. అలాంటి మనిషికి ఖమ్మంలో కుడి మోకాలి కీలు మార్చి, ఇంటికి తెచ్చి, కాలు దిండు మీద పెట్టుకుని పడుకోమంటే పడుకుంటాడా? పడుకోలేదు. ఆ ముచ్చటే ఇది.

అసలు అరిగినవి ఆయన మోకాళ్లు మాత్రమే కాదు. భార్య నాంచారమ్మవి ఇంకా అధ్వానం. ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊళ్లో పుట్టిన మనిషి. పెళ్లికి ముందు తునికాకు కోసం గుట్టలెక్కింది, పెళ్లయ్యాక మిరప తోటల్లో వంగి వంగి కాయ ఏరింది. ఇప్పుడు కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. డాక్టరు ఇద్దరి ఎక్స్‌రేలూ ఒకేరోజు చూసి, ఇద్దరికీ మార్చాల్సిందే, కానీ ఒకరి తర్వాత ఒకరికి అన్నాడు. ముందెవరు అన్న దగ్గర ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. గెలిచింది నాంచారమ్మ.

"ముందు నువ్వు చేయించుకో. నువ్వు లేచి తిరిగితే నన్ను చూస్తవ్. నేను ముందు మంచంల పడితే నీకు బువ్వెవరు వండుతరు? నీకు పొయ్యి ముట్టియ్యరాదాయె."

కూతురు అరుణశ్రీ ములకలపల్లిలో నర్సు. ఆమెకు తీరిక దొరికేది ఆదివారం ఒక్కటే. అందుకని, మొండయ్య కోలుకునే వ్యవధి చూసుకుని, దీపావళి దాటిన వారంలో నాంచారమ్మ ఆపరేషన్‌కు తారీఖు తీసుకున్నారు. అప్పటికి మొండయ్య తన కాళ్ల మీద తాను నిలబడాలి, ఆమెకు ఇంత వండిపెట్టగలగాలి. ఆ తారీఖు తప్పితే మళ్లీ ఎండాకాలం దాకా ఖాళీ లేదని దవాఖానవాళ్లు ముందే చెప్పారు. అంటే చలికాలమంతా ఆమె ఆ కాళ్లనే ఈడ్చుకుంటూ తిరగాలి. మొండయ్యకు పట్టుకున్న దిగులు అది.

కసరత్తు నేర్పడానికి సుజన అనే ఫిజియోథెరపీ పిల్ల స్కూటీ మీద వచ్చేది. ఓపికైన పిల్ల. చెప్పిందే మళ్లీ చెప్పేది.

"మడమను మంచమ్మీద జరుపుకుంట మోకాలు వంచాలె బాపూ. పది సార్లు చాలు. నడక ఇంట్లనే, వాకర్‌తోనే. నొప్పి ఎక్కువైనా, వాపొచ్చినా ఆపెయ్యాలె. ఐసు పెట్టుకొని, కాలు పైకి పెట్టుకోవాలె. సరేనా?"

"సరే బిడ్డా," అన్నాడు మొండయ్య.

సరే అన్నాడే గానీ ఆయన చెవికెక్కింది వేరు. ఫిల్లర్ బతుకంటే టబ్బుల లెక్క. ఇన్ని నింపితే ఆ రోజు హాజరుకు మస్టర్ పడుతుంది. ఆ మాత్రం నింపి పైకొచ్చేవాణ్ని జట్టులో ఎవరూ లెక్కచెయ్యరు. దానికి మించి నింపినవాడే పనిమంతుడు, వాడి మాటే జట్టులో చెల్లుతుంది. నడుము లాగుతుంటే పని సాగుతున్నట్టు. లాగకపోతే ఎక్కడో దొంగపని చేసినట్టు. ఏళ్ల తరబడి ఆ లెక్కలో బతికినవాడికి పది సార్లు చాలు అంటే ఎలా చాలుతుంది? అది మస్టర్‌కే సరిపోయింది, ఇక మీదిది తన కష్టం అనుకున్నాడు. పది చెబితే ముప్పై చేసేవాడు. మోకాలు సలుపుతుంటే, ఆఁ, ఇప్పుడు దారికొచ్చింది అని ఇంకో వరస అందుకునేవాడు. చెప్పేవాళ్లు లేక కాదు. ఆ పిల్ల నెత్తీ నోరూ కొట్టుకుంటూనే ఉంది.

ఒకరోజు పొద్దున నాంచారమ్మ గిన్నెలు తోముతూ తలెత్తి చూస్తే, మొగుడు పెరట్లో వాకర్ పట్టుకుని గోడ వెంట చుట్లు తిరుగుతున్నాడు. లుంగీ పైకి కట్టాడు, బనియన్ చెమటకు తడిసి ముద్దయింది.

"ఆ పిల్ల ఇంట్ల నడువుమన్నది. పెరట్ల నడువుమన్నదా?"

"ఇల్లు శిన్నగున్నది."

"నేనేమన్న తొందరపెట్టిన్నా నిన్ను?"

"నువ్వు పెట్టలే. తారీఖు పెడుతున్నది," అన్నాడు మొండయ్య ఆగకుండానే.

ఆమె మళ్లీ గిన్నెల మీదికి వంగింది. వాదించడానికి కూడా ఓపిక ఉండాలి కదా. ఆపరేషనై ఆయన ఇంటికొచ్చిన నాటి నుంచి స్నానం చేయించడం, కాలు ఎత్తిపెట్టడం, ఐసు మార్చడం, మధ్యలో వంట, బట్టలు, అంతా ఆమె ఒక్కతే. పగలంతా గోడ పట్టుకుని నడిచేది. సాయంత్రానికి పిక్కలు బిగుసుకుపోయేవి. ఒక్కసారన్నా అబ్బా అనేది కాదు. అనకపోయినా మొండయ్యకు తెలుస్తూనే ఉండేది. తెలిసిన కొద్దీ ఇంకో చుట్టు ఎక్కువ తిరిగేవాడు.

దీపావళి వెళ్లిపోయింది. ఇక తారీఖు దగ్గరపడిందనగా నాంచారమ్మ ఆపరేషన్ ముందు చేసే రక్తపరీక్షలకు వెళ్లాల్సి వచ్చింది. పక్కింటి సమ్మయ్య ఒకప్పుడు మొండయ్య జట్టులోవాడే, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. పొద్దున్నే ఆమెను ఎక్కించుకుపోయాడు. "మంచం దిగకు" అని ఆమె గేటు దాకా చెబుతూనే పోయింది.

ఆటో మలుపు తిరగ్గానే మొండయ్య మంచం దిగాడు.

ఆయన లెక్కలో అది పరీక్ష రోజు. రేపు నాంచారమ్మ మంచం పడితే ఏమేం చెయ్యాలో అవన్నీ ఈరోజు ఒకసారి చేసి చూసుకోవాలి. చూసుకోకుండా ఆమెను ఏ ధైర్యంతో పంపుతాడు? వాకర్ పక్కన పెట్టి చేతికర్ర తీసుకున్నాడు. ఇల్లు ఊడ్చాడు. నల్లా దగ్గర బకెట్ నింపి, సగం ఒలకబోస్తూ లోపలికి తెచ్చాడు. కుక్కర్‌లో బియ్యం పెట్టి, విజిల్ వచ్చినప్పుడు ఎవరో భుజం తట్టినంత సంబరపడ్డాడు. ఇక మిగిలింది స్నానానికి వేడినీళ్లు. ఆపరేషనైన మనిషికి అవి ముఖ్యం. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి ఉంది, కట్టెలున్నాయి. నిప్పు అంటుకోక పొగ వస్తోంది, ఊదాలి. ఊదాలంటే కిందికి దిగాలి.

దిగేముందు ఆలోచించి ఉంటే బాగుండేది. ఒంటికి అలవాటైన పని మనిషిని అడిగి చెయ్యదు. బావిలో కప్పు కిందికున్న చోట నిలబడి బొగ్గెత్తడం కుదరదు, కుడి మోకాలు నేలకు ఆనించి, దాని మీదే బరువేసి ఎత్తాలి. ఎన్ని వేల సార్లు ఆనించాడో! ఇప్పుడూ అలాగే ఆనించాడు. కొత్త కీలు మీద బరువంతా వేసి, వంగి ఊదాడు. మంట లేచింది. లేచిన మంటను చూసి నవ్వుకున్నాడు కూడా పాపం. పైకి లేవబోతుంటే మోకాలి లోపల ఏదో పట్టి గుంజినట్టయింది. పళ్లు బిగబట్టి లేచి, కాగిన నీళ్ల బకెట్ బాత్రూం దాకా మోసి, అప్పుడు మంచమెక్కాడు.

నాంచారమ్మ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఊడ్చిన ఇల్లు చూసింది, కుక్కర్ మూత తీసి చూసింది. బాత్రూంలో నీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. తర్వాత కాళ్లూ చేతులూ కడుక్కుని, ఆ అన్నంలో ఇంత పచ్చడి వేసుకుని కుర్చీలో కూర్చుని తిన్నది.

"అన్నం మంచిగున్నది," అంది. "ఇంకొకలు వండంగ తినక ఎన్నొద్దులాయెనో."

దుప్పటి కింద మొండయ్య మోకాలు గుమ్మడికాయలా ఉబ్బి, పొయ్యి మీద పెట్టినట్టు కాలుతోంది. ఆ మాట ఎలా చెబుతాడు? ఆమె రెండోసారి అన్నం వడ్డించుకుంది. ఆయన చెప్పలేదు.

దాస్తే దాగేదా అది? దీపాలు పెట్టే వేళకు ఐసు తెచ్చి దుప్పటి తీసింది. చూసి, వెంటనే సమ్మయ్యకు ఫోన్ చేసింది. ఖమ్మంలో డాక్టరు ఎక్స్‌రే ఫొటోలు తీయించి, సూదితో పరీక్ష చేయించి, చీము పట్టలేదనీ, కీలు కదల్లేదనీ చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. లోపలంతా వాచి బిగుసుకుపోయిందనీ, కసరత్తు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలనీ కూడా చెప్పాడు. వాపు తగ్గేదాకా బాత్రూంకు తప్ప మంచం దిగొద్దన్నాడు. మొండయ్య గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ విన్నాడు. నాంచారమ్మ నేల వైపు చూస్తూ విన్నది.

ఇంటికొచ్చిన మర్నాడే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. అడ్మిషన్ ఖాయం చెయ్యమంటారా అని అక్కడి అమ్మాయి అడుగుతోంది.

"వద్దు బిడ్డా. ఇంకెవరికన్న ఇయ్యి," అంది నాంచారమ్మ. అటువైపు నుంచి ఆ అమ్మాయి ఏదో అడిగింది. "అవ్, ఎండాకాలమే రాసుకో."

ఫోన్ కింద పెట్టకముందే మొండయ్య అందుకున్నాడు. "ఎందుకట్ల చెప్తివి? నువ్వు పో. నేనెట్లనో చేసుకుంట. సమ్మన్న లేడా?"

అప్పుడు తిరిగింది ఆమె అతని వైపు. కోపంగా కూడా కాదు, అలసిపోయి.

"ఎట్లనో చేసే ఇంతదాక తెచ్చినవ్. నిన్నెవరు కాగబెట్టుమన్నరు నీళ్లు? నాకేం కావాల్నో ఒక్కనాడన్న అడిగినవా? పది మాట్ల వంచి పడుకుంటే అయిపోతుండె. నువ్వు ఊరికె కూసుంటే అదే నాకు పని చేసినట్టుండె. నాకు శాతనైతలేదయ్యా. నాకు శానా కష్టమైతున్నది."

పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట ఆ మాట వినలేదు మొండయ్య. ఏదో చెప్పబోయాడు. నీ కోసమే కదా అని నాలుక చివరి దాకా వచ్చింది. నిజమే, ఆమె కోసమే. ఆమె కోసం చేసిందే ఆమె వంతును తినేసింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇంకా చెప్పేదేముంది?

ఆమె కళ్లు తుడుచుకుని ఫ్రిజ్‌లో ఐసు తీసి, తువ్వాలలో చుట్టి తెచ్చింది. మోకాలి మీద పెడుతుంటే మూట జారి మంచం కిందికి పోయింది. వంగితే అందలేదు. మంచం పట్టె పట్టుకుని మెల్లగా, ఒక్కో ఎముకనూ బతిమాలుకుంటూ, నేల మీద కూలబడి మూట తీసింది. చెయ్యి చాచి ఆయన మోకాలి మీద పెట్టింది. ఇక లేవబోయింది. లేవలేకపోయింది. మళ్లీ ప్రయత్నించింది. కాళ్లు ఆమె మాట వినడం మానేశాయి.

మొండయ్య కాలు కిందికి దించబోయాడు.

"కదిలినవంటే నామీద ఒట్టే," అంది నాంచారమ్మ.

ఆగిపోయాడు. సమ్మయ్యకు ఫోన్ చేస్తే భద్రాచలం కిరాయికి పోయాడట, తిరుగు దారిలో ఉన్నాడట, వస్తున్నానన్నాడు. ఇక చేసేదేముంది? ఆమె మంచం పట్టెకు వీపు ఆనించి కాళ్లు చాపుకుంది. తల వెనక్కి వాల్చితే ఆయన పాదం పక్కన పరుపుకు ఆనింది. ఏదో అనబోయింది, మాట సగంలోనే ఆగింది. చూస్తే నిద్రపోయింది. నట్టనడి మధ్యాహ్నం, తలుపు బార్లా తెరిచి, చేతి నిండా పని పెట్టుకుని.

మొండయ్య అలాగే ఉన్నాడు. ఐసు కరిగి పరుపు తడిసింది. తిమ్మిరి పాదం నుంచి నడుము దాకా పాకింది. బాత్రూంకు పోవాలనిపించి, ఆ ఆలోచన మానుకున్నాడు. పరుపు కొంచెం కదిలినా ఆమె లేస్తుంది. చెంప నొక్కుకుపోయి, నోరు కాస్త తెరుచుకుని, ఎంత ముసలిదైపోయిందో అనిపించింది. ఈ నెలల్లోనే అయిందా, ఇంతకుముందే అయితే తను చూడలేదా? కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

ఎండ గుమ్మంలోంచి గోడ మీదికి ఎక్కింది. గేటు బయట ఆటో ఆగింది. సమ్మయ్య చెప్పులు విడిచి, "వదినా, ఎట్లున్నవ్" అంటూ గబగబా లోపలికి రాబోయాడు.

మొండయ్య నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"ఆగు సమ్మన్నా," అన్నాడు గుసగుసగా. "జెరసేపు పండుకోనియ్యి."