సిస్టరమ్మ పట్టిన గుప్పెడు కందిపప్పు

ఈ పొద్దున దుకాణానికి వచ్చిన పెద్దాయన దగ్గర వెల్లుల్లి నూనె వాసన గుప్పుమంది. చెవిలో దూది. తూకం మీద నా చెయ్యి ఆగిపోయింది. సిస్టరమ్మ గుర్తొచ్చింది. గోదావరి వైపు నుంచి పటాన్‌చెరుకు వచ్చి, ఓ ఫ్యాక్టరీ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మా పక్కింటావిడ. ఆవిడ మనసు మంచిదని అందరూ అంటారు గానీ, నాకు ఆవిడ నోరే ఎక్కువ ఇష్టం.

మా నాన్నకు పప్పుల దుకాణం, ఒంట్లో ఏళ్ళనాటి షుగరు. బేరమాడుతూ అగ్గిపుల్లతో చెవి గోక్కోవడం అలవాటు. కొన్నేళ్ళ కింద ఆ చెవి చీము పట్టి పోటు మొదలైతే అమ్మ రోజూ వెల్లుల్లి నూనె కాచి పోసేది. జ్వరం లేదు కదా అని ధైర్యం. చివరికి నమలలేక నాన్న జావకు దిగాడు. పప్పు కొనడానికొచ్చిన సిస్టరమ్మ అది చూసింది.

"సేటుగారూ, షుగరు చూపించుకుని ఎన్నాళ్ళయిందండీ?"

"చెవి నొస్తే షుగరెందుకమ్మా? జెర నూనె పోస్తే పోతది."

"షుగరున్న పెద్దవాళ్ళకి పోదండీ, ఎముక దాకా పాకుతుంది. మూతి వంకరపోయినవాళ్ళని చూశాన్నేను. పదండి."

"దుకాణం బంద్ జేస్తే గిరాకీ పోతది."

ఆవిడ వెళ్ళి కందిబస్తా మీద బైఠాయించింది. "మీరు లేస్తేనే నేను లేస్తాను." గిరాకులు నవ్వుతుంటే నాన్న లేవక తప్పలేదు.

చెవి డాక్టరూ అదే మాట చెప్పి, ఆ పూటే చేర్చుకున్నాడు. ఇంజెక్షన్లు మొదలయ్యాక కూడా ఓ పొద్దున నాన్న తాగుతున్న చాయ్ మూతి ఒక పక్క నుంచి కారిపోయింది. అరచేతిలో గింజలు పోసుకుని, ఉఫ్‌మని పొట్టు ఊది సరుకు చూడటం మా వ్యాపారంలో వాడుక. ఆ మూతితో ఇక ఊదగలడా?

సిస్టరమ్మ వచ్చినప్పుడల్లా గుప్పెడు కందిపప్పు ఆయన ముందు పట్టేది. "ఊదండి సేటుగారూ." పొట్టు కదిలేది కాదు. ఆవిడ ఆ పప్పు కొంగున ముడేసుకుని వెళ్ళిపోయేది. వారాలు గడిచాయి. నొప్పి తగ్గింది, నాన్న అన్నం నమిలాడు. ఓ రోజు ఊదితే పొట్టంతా ఎగిరి ఆవిడ కళ్ళలో పడింది.

"పప్పు పాతది సిస్టరమ్మా, ఏడ గొన్నవ్?" అన్నాడు నాన్న.

"మీ దుకాణంలోనే!" అని కళ్ళు నులుముకుంటూ నవ్విందావిడ. అమ్మా నేనూ ఏడ్చేశాం. అంత హాయిగా నేనెప్పుడూ ఏడవలేదు.

సిస్టరమ్మ ఇప్పుడు లేదు. నాన్న ఇప్పటికీ పొట్టు ఊదుతూనే ఉన్నాడు.

"తాతా, షుగరున్నదా?" అని పెద్దాయన్ని అడిగాను.

"ఉంటే నీకేందమ్మా? పప్పు తూకమెయ్యి, జల్దీ పోవాలె."

నేను తూకం వదిలేసి, వెళ్ళి కందిబస్తా మీద కూర్చున్నాను.