మా సారు మొదటి బాతుల వేట

ఈ రోజు పొద్దున్నే మా సారు మొదటిసారి బాతుల వేటకు వెళ్లారు. నేను ఈ అరబ్బుల దేశంలో, అల్ ఘర్రాఫాలో, ఆయన ఇంటి డ్రైవర్‌ని. ఎడారిలో నీళ్లు నిలిచిన ఒక మడుగు దగ్గర డేగతో వేటాడటానికి ఆయనకు అనుమతి దొరికింది.

బాతులు లేవగానే సారు డేగను వదిలారు. అది ఒక బాతును గాలిలోనే తన్నింది. రెండూ కలిసి మడుగు మధ్యలో పడ్డాయి. బాతు తప్పించుకుని ఎగిరిపోయింది. రెక్కలు తడిసిన డేగ మాత్రం లేవలేక మునిగిపోసాగింది. ఈత రాని సారు ఒడ్డున కొయ్యబారిపోయారు.

నేను దిగాను. కాళ్లు బురదలో కూరుకుపోతున్నాయి, నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. చెయ్యి చాపగానే డేగ నా మణికట్టును గోళ్లతో పట్టేసింది. నొప్పికి కళ్లు తిరిగాయి. విదిలిస్తే అది మళ్లీ నీళ్లలో పడుతుంది. అలాగే ఒడ్డుకు నడిచాను.

“హాత్ మత్ హిలావ్ భాయ్,” చెయ్యి కదపొద్దని హిందీలో చెబుతూ సారు ఒక్కో గోరూ విప్పారు.

సాయంత్రం, చేతికి కట్టుతో, ఊరికి ఫోన్ చేశాను.

“వేటల ఏమన్న దొరికిందా?” అని అడిగింది మా ఆవిడ.

“నేనే దొరికిన.”

సంగతంతా ఆమెకు చెప్పాను. మీరైతే చెయ్యి విదిలించేవారా, చెప్పండి.