ఆగిన కారులో ట్రియర్ దాకా

ఎజీదియో పల్లోత్తా ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపాడు. ఇటలీలో మోంతెసోర్దో కొండ మీంచి కింద ఇజెర్నియా పట్నానికి, పట్నం నించి మళ్ళీ కొండ మీదికి. ఇరవై రెండు కిలోమీటర్ల దారి, రోజుకి నాలుగుసార్లు దిగడం, నాలుగుసార్లు ఎక్కడం. ఆ తిరిగిన దూరంతో భూమిని నలభైసార్లు చుట్టి రావచ్చని రిటైరైన రోజున ఎవరో లెక్కేసి చెప్పారు. గానుగెద్దు కూడా అంతే తిరుగుతుంది, పాపం దాన్ని ఎవరూ సన్మానించరు అంది ఆయన భార్య నోరీనా.

ఆ బస్సులో ఇరవై రెండేళ్ళపాటు సరిగ్గా ఆయన వెనక సీటులో దెల్మీరా పంతులమ్మ కూర్చునేది. ఊరి చౌరస్తాలో ఎక్కి పిండిమిల్లు స్టాపులో దిగేది, అక్కడి బడిలో పిల్లలకి చరిత్ర చెప్పడానికి. పాతిక నిమిషాల ప్రయాణం. ఆ పాతిక నిమిషాలూ ఆవిడ ఏదో ఒక పాత ఊరి కథ చెబుతూనే ఉండేది. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని బస్సులో బోర్డు ఉండేది. మాట్లాడేది ఆవిడ, ఆయన నోరు విప్పేవాడు కాదు, కాబట్టి బోర్డుకేమీ అవమానం జరగలేదని ఇద్దరి నమ్మకం. కాకపోతే ఏ కథా పాతిక నిమిషాల్లో తెమిలేది కాదు. మంచి పట్టులో ఉండగా మిల్లు వచ్చేది, ఆవిడ గొడుగు తీసుకుని దిగిపోయేది. మర్నాడు ఇంకో ఊరు ఎత్తుకునేది. నిన్నటిది ఏమైందని అడుగుదామంటే బోర్డు అడ్డం.

పంతులమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. ఎజీదియో కడుపులో మాత్రం ముగింపు లేని ఊళ్ళు డజన్లకొద్దీ మిగిలిపోయాయి. రిటైరైన మర్నాడే ఆయన భోజనాల బల్ల మీద పటాలు పరిచాడు. తన పాత ఆకుపచ్చ కారులో బయల్దేరి స్పొలేతో, లుక్కా, అక్కణ్ణించి ఫ్రాన్సులో ఆర్ల్, నీమ్, చివరికి జర్మనీలో ట్రియర్ దాకా పోయి, ఆ కోటలూ శిథిలాలూ కళ్ళారా చూసి, ఏ కథ ఏమైందో తేల్చుకోవాలని ఆయన సంకల్పం.

నాలుగు నెలలు రాశాడు. మూడు నోటుపుస్తకాలు నిండాయి. ఏ ఊరు ఎన్నింటికి చేరాలి, ఏ శిథిలం ముందు ఎంతసేపు నిలబడాలి, ఎక్కడ పెట్రోలు, ఎక్కడ మూత్రం, అన్నీ గళ్ళు గీసి ఉన్నాయి. కుడివైపు చివర ఒక సన్నటి గడి. దాని మీద 'నోరీనా సణుగుడు' అని రాసి ఉంది. లుక్కా దగ్గర ఇరవై నిమిషాలు, ఆర్ల్ దగ్గర ముప్ఫై ఐదు. నాలుగు నెలలు ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని భోంచేసిన నోరీనా ఒకనాడు ఆ గడి చూసింది.

"సణుగుడు సరేలే, నీ నడుం సంగతి రాశావా? సూపు తాగేలోపు మూడుసార్లు లేచి నిలబడతావు. ఆర్ల్ దాకా ఏడుగంటలు ఎలా కూర్చుంటావయ్యా?"

డాక్టరుని అడిగితే ఆయనా అదే అన్నాడు. గంటకి మించి కూర్చోవద్దు. కావాలంటే బయల్దేరేముందు ఇక్కడే కూర్చుని చూసుకో అన్నాడు. మాటవరసకి అన్నాడాయన. ఎజీదియో దాన్ని వైద్యంగా తీసుకున్నాడు.

మే నెలలో ఒక సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి చౌరస్తాలో, మంగలి అమ్లేతో దుకాణానికి ఎదురుగా కారు పెట్టి, ఇంజను ఆన్ చేసి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. పుస్తకం ప్రకారం ఆ రోజు స్పొలేతో ప్రయాణం. మూడున్నర గంటలు. మధ్యలో కాఫీకి పది నిమిషాలు. మలుపులొచ్చినప్పుడు ఇండికేటరు వేశాడు. కొండ ఎక్కేచోట గేరు మార్చాడు. చూసినవాళ్ళు మతిపోయిందనుకున్నారు, కానీ రోడ్డు మీద ధ్యాస పెట్టిన మనిషిని పలకరించడం మర్యాద కాదని ఊరుకున్నారు.

పదిన్నరకి నోరీనా నాలుగు తిట్లు తిట్టి లాక్కెళదామని వచ్చింది. వస్తూ వస్తూ మిరపకాయలు వేసిన గుడ్డట్టు రొట్టెలో పెట్టుకొచ్చింది, తిట్టినా తిండి మానదు కదా అని. కారులో కూర్చుంటే చౌరస్తా అంతా కనిపిస్తోంది, వంటింటికంటే నయంగా ఉంది. కూర్చుంది. పదకొండున్నరకి ఎజీదియో ఇంజను కట్టేసి, స్పొలేతో వచ్చేశాం అని పంతులమ్మ కథ మొదలెట్టాడు. ఆఫ్రికా నించి ఏనుగులతో వచ్చిన హన్నిబాల్ ఊరి గోడల కిందికొచ్చి నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళు బురుజు మీద పెద్ద పెద్ద గంగాళాల్లో నూనె కాస్తున్నారు. నూనె సలసలా మరుగుతోంది.

అక్కడ ఆపేశాడు.

"తర్వాత?" అంది నోరీనా.

"మిల్లు వచ్చింది. ఆవిడ దిగిపోయింది."

నోరీనా భర్త మొహంలోకి చూసింది. పెళ్ళై నలభై ఒక్క ఏళ్ళు. ఇంటికొస్తే బూట్లు విప్పి పడుకోవడం తప్ప మాటే ఎరగని మనిషి. ఏనుగులూ గంగాళాలూ అన్నేళ్ళు లోపల పెట్టుకుని ఒక్కనాడూ తనతో అనలేదు. కోపమొచ్చింది. మర్నాడు పొద్దున్న ఏడున్నరకే కారులో కూర్చుని హారన్ కొట్టింది.

అలా మొదలైంది. లుక్కా వెళ్ళారు, తిరిగొచ్చారు. దారి బాగా రావాలంటే మళ్ళీ మొదట్నించీ చెయ్యాలని గురువారం మళ్ళీ స్పొలేతోకి బయల్దేరారు. ఈసారి మంగలి అమ్లేతో కోటు వేసుకుని, సంచీ పట్టుకుని కారు దగ్గరికొచ్చాడు.

"స్పొలేతోలో మా అక్క ఫెదోరా ఉంది. తొమ్మిదేళ్ళు మాటల్లేవు. వెనక సీటు ఖాళీగా ఉంటే దింపుతావా అన్నా?"

ఎక్కమన్నాడు ఎజీదియో. అమ్లేతో దుకాణానికి 'ఊళ్ళో లేను' అని అట్టముక్క తగిలించి వచ్చాడు. దుకాణానికీ కారుకీ మధ్య ఎనిమిది అడుగులుంటుంది. కాసేపటికి ఒక పక్క మాత్రమే గడ్డం గీసిన ఆసామి ఒకాయన లోపలనించి తువ్వాలుతో వచ్చి కిటికీ అద్దం కొట్టాడు. అమ్లేతో అద్దం దింపి, నేను ఊళ్ళో లేనయ్యా, రాసిపెట్టాను చూళ్ళేదా అన్నాడు. ఆయన బోర్డు చూసుకుని, నిజమేనని వెళ్ళిపోయాడు. మూడున్నర గంటలూ అమ్లేతో అక్కతో ఏమనాలో పైకే సాధన చేశాడు. అమ్మ కుట్టుమిషను నీకే ఉంచుకో అంటానన్నాడు. అది లొంగుబాటులా ఉంది, ముందు ఆరోగ్యం అడుగు అని నోరీనా దిద్దింది. స్పొలేతో వచ్చాక దిగి, థాంక్స్ చెప్పి, తిన్నగా దుకాణంలోకి పోయి తొమ్మిదేళ్ళ తర్వాత అక్కకి ఫోను చేశాడు.

రెండోవారంలో మున్సిపల్ గార్డు సవేరియో వచ్చాడు. నెమ్మదస్తుడు, ఎజీదియో బస్సులోనే బడికెళ్ళి చదువుకున్నవాడు. చౌరస్తాలో గంటకి మించి బండి నిలపకూడదని టోపీ సర్దుకుంటూ చెప్పాడు.

"నిలిపిందెవరు?" అన్నాడు ఎజీదియో, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా. "ఇంజను నడుస్తోంది. నేనిప్పుడు ఆర్ల్ పొలిమేరల్లో ఉన్నాను. అది నీ పరిధి కూడా కాదు."

సవేరియో ఆలోచనలో పడ్డాడు. ఇంజను నిజంగానే నడుస్తోంది. మున్సిపాలిటీకి వెళ్ళి గుమాస్తాని అడిగాడు. అరగంటకి నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"బాబాయ్, గుమాస్తా మీ మాటే ఒప్పుకున్నాడు. బండి కదులుతున్నట్టే లెక్కట. అయితే కదులుతున్న బండిలో మీ ఇద్దరికీ సీటు బెల్టు లేదు."

జరిమానా చీటీ రాసిచ్చాడు. ఎజీదియో దాన్ని రెండుసార్లు చదువుకుని నోటుపుస్తకంలో అతికించుకున్నాడు. తాము ప్రయాణంలో ఉన్నట్టు ప్రభుత్వం రాసిచ్చిన కాగితం అది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన ఏ కాగితం చూసుకుని అంత మురవలేదు. ఆ రోజునించి ఇద్దరూ బెల్టు పెట్టుకున్నారు.

పన్నెండో రోజు ట్రియర్ చేరారు. అక్కడ రోమన్లు కట్టిన నల్లరాతి కోటద్వారం ఉంది. ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట సిమెయోన్ అనే సన్యాసి వచ్చి, నన్ను ఈ బురుజులో పెట్టి గోడ కట్టేయండి అని అడిగాడు. సరేనని రాళ్ళు పేర్చారు, సున్నం మెత్తారు. సన్యాసి లోపల, ఊరు బయట.

"తిండెలా మరి?" అంది నోరీనా.

"మిల్లు."

"బయటికెప్పుడొచ్చాడు?"

"ఆ మర్నాటినించి వేసవి సెలవులు. సెలవుల తర్వాత ఆవిడ గ్రీసు మొదలెట్టింది."

నోరీనాకి ఆ పూట అన్నం సయించలేదు. గోడలో మనిషిని పెట్టేసి సెలవులకి ఎలా పోయిందా మహాతల్లి అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది.

మర్నాడు ఊరి దేవతగా కొలిచే పునీతురాలి ఉత్సవం. ఊరేగింపుకి దారివ్వాలి కనక కారు తియ్యమని పొద్దున్నే సవేరియో వచ్చి బతిమాలాడు. తీసి ఎదర సందులో పెడదామని ఎజీదియో స్టీరింగు ముందు కూర్చున్నాడు. క్లచ్ తొక్కడానికి ఎడమకాలు ఎత్తబోతే లేవలేదు. నడుం కొయ్యబారిపోయింది. దిగుదామంటే దిగలేడు. తలుపు తీసి లాగితే, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వంకరగా బయటికొస్తున్నాడు. పైగా, ఊరంతా చూస్తుండగా తనని కుర్చీలా మోసుకెళ్ళడానికి వీల్లేదని ఆయన పట్టు. చివరికి బ్యాండుమేళంవాళ్ళు వాయిద్యాలు కారు పైన పెట్టి, ఆయన్ని లోపలే ఉంచి, డాక్టరు ఇంటిదాకా తోశారు. పన్నెండు రోజుల్లో ఆ కారు కదలడం అదే మొదలు. వెనక దేవత పల్లకీ, దాని వెనక జనం. సందు మలుపులో ఎజీదియో ఇండికేటరు వేశాడు.

మూడువారాలు చెక్కబల్ల మీద కదలకుండా పడుకోమన్నాడు డాక్టరు.

ఆ ఉత్సవానికి తమ్ముడి ఫోను అందుకున్న ఫెదోరా స్పొలేతో నించి తన వ్యానులో వచ్చింది. గట్టి మనిషి, భర్తతో జర్మనీ ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు పనిచేసి వచ్చింది, ఇప్పుడు విధవరాలు. వ్యాను వెనకంతా ఆవిడ సామాన్లే, అమ్మ కుట్టుమిషనుతో సహా. అమ్లేతో ఇంట్లో భోజనాల దగ్గర నోరీనా ఆవిడకి గోడలో సన్యాసి సంగతి చెప్పింది. ఫెదోరా చీజ్ ముక్క కోస్తున్నదల్లా కత్తి ఆపింది.

"ఇందులో తేలనిదేముంది? నా పక్కన సీటు ఒకటుంది. పోయి అడిగొద్దాం."

నోరీనా ఇంటికొచ్చి, బల్ల మీద వెల్లకిలా పడున్న భర్తకి ఈ మాట చెప్పింది. నలభై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఇజెర్నియా దాటింది లేదు. ఆయన కప్పువైపు చూస్తూ, నోటుపుస్తకాలు సొరుగులో ఉన్నాయి, మూడోదాంట్లో ఇరవయ్యో పేజీ ఊడొస్తుంది, జాగ్రత్త అన్నాడు. ఆవిడ వెళ్ళాక అమ్లేతో వచ్చి ఆయనకి సూపు తాగించి గడ్డం గీసి పోయేవాడు. ఆ గీసే వేళ మాత్రం ఎజీదియో కళ్ళు తుడుచుకునేవాడట, సబ్బు పడిందని.

నోరీనా రోజూ సాయంత్రం ఫోను చేసేది. స్పొలేతోలో నూనె పని చేసిందట, హన్నిబాల్ దారి మార్చుకుని వెళ్ళిపోయాడట. ఆ బురుజు కింద ఉన్న ద్వారానికి ఇప్పటికీ పలాయన ద్వారమనే పేరట. ఆర్ల్‌లో రోమన్లు కట్టిన గుండ్రటి క్రీడారంగం లోపల ఒకప్పుడు రెండొందల ఇళ్ళుండేవని పంతులమ్మ చెప్పింది నిజమేనట, అన్నీ కూలగొట్టి ఖాళీ చేయించారట. అంత పెద్ద కట్టడంలో ఒక్క ఇల్లైనా ఉంచితే వాళ్ళ సొమ్మేం పోయిందని ఆవిడ బాధ.

"లుక్కా దగ్గర నా సణుగుడు ఇరవై నిమిషాలని రాశావు," అంది ఒకరోజు. "రెండు గంటలు సణిగాను. నువ్వు లేవుగా, నా మాటలన్నీ ఫెదోరా పడింది."

ట్రియర్ నించి చేసిన రోజు మెల్లగా మాట్లాడింది. ఫెదోరా తన జర్మన్‌తో అక్కడి కాపలావాణ్ణి అరగంట నిలదీసిందట. సన్యాసికి లోపలికి రొట్టె, నీళ్ళు అందించేవాళ్ళట. కొన్నేళ్ళు అలాగే బతికాడట.

"తర్వాత?" అన్నాడు ఎజీదియో.

"లోపలే పోయాడు. మహాత్ముడని అక్కడే చర్చి కట్టారు. అందుకే ఆ ద్వారాన్ని ఎవరూ పడగొట్టలేదట."

"బయటికి రానేలేదా?"

"లేదయ్యా."

"నేను వస్తాడనుకున్నాను," అన్నాడు ఎజీదియో. "రోజూ ఆ మిల్లు దాటేటప్పుడు, ఈపాటికి వచ్చేసి ఉంటాడనుకునేవాణ్ణి."

పంతొమ్మిదో రోజున నోరీనా తిరిగొచ్చింది. మూడు పుస్తకాల్లోనూ ఎర్ర పెన్సిలుతో దిద్దుబాట్లు. పెట్రోలు బంకు ఉండాల్సినచోట కుక్కల ఆసుపత్రి ఉందనీ, నీమ్ దగ్గర మూత్రం గంట ముందే వచ్చిందనీ. మనిషి నల్లబడింది, మాట పెరిగింది. అలవాటు కొద్దీ ఎజీదియో వింటూ ఉండిపోయాడు.

సెప్టెంబరులో నడుం సర్దుకున్నాక ఇద్దరూ ఆకుపచ్చ కారులో నిజంగానే బయల్దేరారు. గంటకోసారి ఆగి అరగంట నడవాలని డాక్టరు షరతు. ఆగినచోట పుస్తకంలో లేనివే ఉండేవి. ఒకచోట మూతపడ్డ ఇటుకలబట్టీ. ఒకచోట పుచ్చకాయలమ్మే ముసలాయన, ఆయన మనవరాలి పెళ్ళి గొడవ. అది తేలేదాకా నోరీనా కదల్లేదు. మూడున్నర గంటల స్పొలేతోకి మూడో రోజు మధ్యాహ్నం చేరారు.

ఫెదోరా ఇంట్లో వారం ఉన్నారు. ఎజీదియో పొద్దున్నే లేచి ఒక్కడే ఆ ద్వారం దగ్గరికెళ్ళి, బురుజు కేసి తలెత్తి నిలబడేవాడు. ఎదురుగా కాఫీ కొట్టువాడు జాలిపడి రోజూ కుర్చీ తెచ్చి వేసేవాడు. ఎజీదియో దండం పెట్టి వద్దనేవాడు. నాలుగోరోజున కొట్టువాడు ఇంతకీ అక్కడేముందని చూస్తున్నావని అడిగితే, నూనె ఎంత ఎత్తునించి పోశారో అంచనా వేస్తున్నానన్నాడు. కొట్టువాడూ ఆయన పక్కన నిలబడి తలెత్తాడు. ఇద్దరికీ పొంతన కుదరక మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు.