నాయనకు వంగని తీగ

మొన్న మా పాప పళ్లకు క్లిప్పులు వేయిస్తుంటే, ఆ గదిలోని లవంగనూనె వాసనకు నాకు తెలియకుండానే నా దవడ బిగుసుకుపోయింది. పన్నెండేళ్లప్పుడు నా పై పళ్లు ఎత్తుగా ఉన్నాయని, మార్కాపురంలో నాయన పట్టుబట్టి నాకూ వేయించాడు.

ఎండాకాలం. వీధంతా పలకల రాయి కోసే రంపాల మోత, గడపల మీద బూడిదరంగు దుమ్ము, ఇంట్లో పొగలు కక్కే సంగటి, గోంగూర పచ్చడి. క్లిప్పుల్లో దూర్చింది నికెలూ టైటానియమూ కలిసిన తీగ. ఎంత వంచినా తన పాత వంపుకే పోతుంది, నోటి వేడికి గట్టిపడి పళ్లను లాగుతుంది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. సంగటి తిన్నప్పుడల్లా నాకు పళ్లు పీకినట్టయ్యేది, అమ్మేమో నొప్పికి మంచిదని ఇంకా వేడిగా పెట్టేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తీగ కొస బయటికి జారి బుగ్గలో గుచ్చుకుంది. ఒంగోలు డాక్టరు మా ఊరికి వచ్చేది గురువారాలే. పలకల కార్ఖానాలో కట్టలు బిగించే తీగతోనే రోజంతా గడిపే మేస్త్రీ మా నాయన, ఇక ఆగుతాడా!

"తీగ వంచేది నాకు ఒకరు నేర్పాల్నా? నోరు తెరువు పాపా" అంటూ కటింగ్ ప్లేయరు తెచ్చాడు.

వంచాడు. లేచింది. మళ్లీ వంచాడు, మళ్లీ లేచి గుచ్చింది. రోషమొచ్చి టక్కున కత్తిరించాడు. తెగిన ముక్క నా నోట్లోనే ఎక్కడో పడింది.

"మింగొద్దు పాపా, మింగొద్దు!" అంటూ అమ్మ నా తల కిందికి వంచి పట్టుకుంది. నాయన నాలుక కింద, చిగుళ్ల వెంట వేలితో వెతికాడు. నా గొంతులో ఏదో గుచ్చుకుంటున్నట్టే ఉంది, చచ్చిపోతాననే అనుకున్నాను. చివరికి చెంపకూ చిగుళ్లకూ మధ్య దొరికింది, నెత్తురంటిన గోరంత ముక్క.

"నువ్వు నన్ను ముట్టుకోవద్దు నాయనా!" అని అరిచాను.

గురువారం డాక్టరు కొత్త తీగ కొసను మంటలో ఎర్రగా కాల్చి వంచితే అది బుద్ధిగా వంగింది. "కాల్చకపోతే ఇది మాట వినదు. గుచ్చుకుంటే చల్లటి నీళ్లు పుక్కిట పట్టండి, మెత్తబడుతుంది. మీద మైనం అద్దితే చాలు" అన్నాడు.

"అట్లనా సారూ" అన్నాడు నాయన, నేల చూపులు చూస్తూ.

ఆ తర్వాత నొప్పి అన్నప్పుడల్లా కుండనీళ్ల గ్లాసు నా పక్కన పెట్టి, తాను దూరంగా కూర్చునేవాడు. నా కోపం ఆ ఆదివారం సాయంత్రమే పోయింది, ఆ ముక్క నాయనతో చెప్పాలని మాత్రం తోచలేదు. రెండేళ్లకు క్లిప్పులు తీసేసిన రోజు నేను ఎదురుగా నిలబడి నవ్వితే, నా గడ్డం దాకా చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు మా వీధిలో రంపాల మోత లేదు, కార్ఖానా షెడ్డు లేదు, నాయనా లేడు. ముట్టుకో నాయనా అని ఆ రోజు నేను అనలేదు.