లచ్చన్న కాక మూసిన ఇంజను

మొన్న ఆదివారం మా ఆవిడ కుట్టుమిషను విప్పి నూనె వేసుకుంటుంటే సన్నటి స్టీలు ముక్క ఒకటి జారి గచ్చు మీద టింగుమంది. పేపరు చదువుకుంటున్నవాణ్ణి కుర్చీలోంచి ఎగిరి లేచి, "ఎవరూ కదలొద్దు! ఆ చీపురు పక్కన పెట్టండి ముందు!" అని అరిచాను. పనమ్మాయి చీపురు పట్టుకుని అలాగే కొయ్యబారిపోయింది. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నేను మోకాళ్ల మీద పాకుతూ అల్మారా కింద చెయ్యి పెట్టి, ఆ చిన్న స్క్రూను తీసి ఆమె చేతిలో పెట్టేదాకా నా గుండె కుదుటపడలేదు. "స్క్రూకే ఇంత గోల చేస్తే, రేపు ఉంగరం పడిపోతే ఏం చేస్తారో" అని ఆమె నవ్వింది. ఆ చప్పుడుకు నేనెందుకు అలా అయిపోతానో ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి చదువుకుంటుంది.

తొంభైల మొదట్లో నేను చంద్రపూర్ కరెంటు ప్లాంటులో జూనియర్ ఇంజనీరుగా చేరాను. మాది వరంగల్ వైపు. ఊరికి కొత్త, మరాఠీ రాదు. అద్దెకు దిగిన గది పక్కింట్లో లచ్చన్న అనే ఆయన ఉండేవాడు. విరూర్ దగ్గరి తెలుగు రైతు కుటుంబం, తండ్రి కాలంలోనే బొగ్గు గనికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన గని వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగాక ఇంటి వసారాలో మోటారుసైకిళ్లు బాగుచేసేవాడు. అందరికీ ఆయన లచ్చన్న కాక, నాకూ అంతే. ఆయన భార్య రుక్కమ్మను చిన్నమ్మా అనేవాణ్ణి. నేను వాళ్లకు మొదటి వారమే బిడ్డనైపోయానని చిన్నమ్మ అనేది. కాక మాత్రం నన్ను వేళాకోళంగా సారూ అనే పిలిచేవాడు.

నా దగ్గర మా నాన్న వాడిన టూ-స్ట్రోకు బండి ఉండేది. తెల్లారి దాన్ని లేపడమంటే వీధినంతా లేపడమే. అవి కొత్త బండ్లు వరుసపెట్టి వస్తున్న రోజులు. ప్లాంటు గేటు దగ్గర నా తోటివాళ్లు చప్పుడు లేని కొత్త బండ్ల మీద వచ్చి దిగుతుంటే నేను పొగలోంచి ప్రత్యక్షమయ్యేవాణ్ణి. ఒకరోజు కాక గోడ మీదుగా చూసి, "ఏంది సారు, నీ బండి దగ్గుతున్నదా, తుమ్ముతున్నదా?" అన్నాడు.

"రెండూ కాకా."

"ఇంజనీరువు గదా, నువ్వే మందియ్యరాదు?"

"గిట్లాంటి జబ్బు పుస్తకంల లేదు."

"పుస్తకం రాసినోని బండి కొత్తదుంటది. గందుకే లేదు" అని పానాల సంచి అందుకుని మా గేటు తీసుకుని వచ్చేశాడు.

మామూలుగా బాగుచేయడం కాదు, కొత్త బండ్లు దాని ముందు తలవంచేలా చేయాలని ఇద్దరం పంతం పట్టాం. లేతు మిషను మీద సిలిండరు బోరు పెద్దది చేయించి పెద్ద పిస్టన్ వేయాలి, గ్యాసులు పోయే పోర్టులు ఆకురాయితో వెడల్పు చేయాలి, హెడ్డు కొద్దిగా చెక్కించాలి. నెలరోజులు ప్రతి సాయంత్రం ఆ వసారాలోనే గడిపాను. నేను కంప్రెషన్ గురించి, గ్యాసుల గురించి ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఆయన ఊఁ కొడుతూ ఆకురాయి పడుతూ, చివరికి వేలితో పోర్టు అంచు తడిమి, "నీ లెక్క ఖరే సారు, గానీ ఇక్కడ ఇంక గరుకున్నది" అనేవాడు. తడిమితే ఉండేది. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా నాయనమ్మ ఎవర్ని చూసి అనేదో నాకు అప్పుడు అర్థమైంది.

కాకకు మూడు పద్ధతులుండేవి. తీసిన ప్రతి పాత ముక్కనూ గుడ్డలో మూటకట్టి బండి యజమానికి తిరిగి ఇచ్చేవాడు, కొత్తవి నిజంగానే వేశానని వాళ్లకు తెలియాలని. ఇంజను తెరిచి ఉన్నంతసేపు వసారాలో చీపురు ముట్టనిచ్చేవాడు కాదు. మూడోది, ఇంజను మూసేముందు పనిలో చెయ్యి పెట్టిన ప్రతివాణ్ణీ, "ఏమన్న మర్చినమా?" అని అడిగేవాడు. అడిగి ఊరికే కాసేపు ఆగేవాడు. లేదు అన్న మాట చెవినపడ్డాకే మూసేవాడు. గనిలో మనుషులను కిందికి దించే ముందు అలా అడుగుతారట. "కండ్లకేముంది, నూనె పడితే మోసపోతయి. ఇంజను మాట మీద మూయాలె" అనేవాడు.

ఆయనకు ఆ ఇంజను ఎంత ముఖ్యమో నాకు బాగా తెలుసు. గనిలో ముందుగా ఉద్యోగం వదులుకునేవాళ్లకు ఏదో పథకం వచ్చింది, ఆయన సంతకం పెట్టేశాడు. పెద్ద రోడ్డు మీద ఒక సేటుకు ఖాళీ గాలా, అంటే షాపు గది, ఉంది. అందులో సొంత షాపు పెట్టాలని కాక కోరిక. సేటు అనుమానం మనిషి. "ముసలివాడివి, ఇప్పటి బండ్లు నీకేం తెలుసు" అన్నాడట. నా బండి తయారయ్యాక వెనక కూర్చుని బామ్ని ఊరి దాకా పోయి వస్తాననీ, నచ్చితేనే గాలా ఇస్తాననీ షరతు పెట్టాడు. కాక బోర్డు మీద రాయించాల్సిన పేరు కూడా నిర్ణయించేసుకున్నాడు. అందులో రుక్కమ్మ పేరుంది.

మూసే రోజు వచ్చింది. పిస్టన్‌ను కడ్డీకి బిగించే పిన్ను ఉంటుంది. అది పక్కకు జరగకుండా రెండు వైపులా గోరంత తీగ చుట్టలు రెండు వేస్తారు. వాటినే పిన్ లాకులంటారు. పాతవి మళ్లీ వేయకూడదు, పట్టు పోతుంది. కొత్త జత నాగపూర్ నుంచి తెప్పించాం. కొత్తవాటికి చిన్న తోక ఉంది, పాతవాటికి లేదు. ఒక వైపు కాక వేశాడు. ఇంతలో గేటు దగ్గర సేటు వచ్చి పిలిచాడు. కాక లేస్తూ లేస్తూ, "కొడుకా, ఈ పక్కది నువ్వెయ్" అన్నాడు. ఆయన నోట కొడుకా అన్న మాట అదే మొదటిసారి వినడం. నాకు ఒళ్లు పులకరించింది. ఆ సంబరంలోనే పట్టకారు నొక్కాను. లాకు జారి ఎగిరింది. వసారా గచ్చు మీద ఎక్కడో టింగుమంది.

ఇంజను నోట్లో తెల్లగుడ్డ కుక్కి ఉంది కాబట్టి లోపల పడలేదని తెలుసు. వెతికాను, దొరకలేదు. గేటు దగ్గర కాక సేటుతో, "మా ఇంజనీరు సారు ఏస్తుండు, రేపు పొద్దుగాల బామ్ని పోదం" అంటున్నాడు. ఇంకో జత రావాలంటే వారం. నెలరోజులు ఉపన్యాసాలిచ్చినవాడికి ఒక తీగ ముక్క వేయడం రాలేదని సేటు ముందు ఒప్పుకోవాలి. మూటలోంచి పాత లాకు తీసి వేసేశాను. అదే సమయంలో చిన్నమ్మ, ఇంటికి సేటు వచ్చాడని కంగారుపడి, పద్ధతి మరచి వసారా చివర రెండు చీపురు పోట్లు వేసింది. సిగ్గుతో రాస్తున్నాను, ఆ చప్పుడు నాకు ధైర్యమిచ్చింది. రేపెప్పుడైనా బయటపడితే నెపం చీపురు మీదికి పోతుందని ఒక్క క్షణం అనుకున్నాను. కాక వచ్చి కూర్చుని, "ఏమన్న మర్చినమా?" అని అడిగి ఆగాడు.

"లేదు కాకా" అన్నాను. ఆయన ఇంజను మూశాడు.

మర్నాడు కాక సేటును వెనక ఎక్కించుకున్నాక బండి ఎలా పోయిందో చెబితే నమ్మరు. నేను స్నేహితుడి స్కూటరు మీద వెనకాల పోతున్నాను, అందుకోలేకపోయాను. బల్లార్‌పూర్ దాటాక సేటు వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపాడు కూడా. బామ్ని ఇంకా రాకముందే ముందు నుంచి కీచుమని ఒక అరుపు వినిపించింది. మనిషి అరుపు కాదు, ఇంజను బిగుసుకుపోయి వెనక చక్రం రోడ్డు మీద ఈడ్చుకుపోయిన అరుపు. నేను చేరేసరికి సేటు మోకాలు పట్టుకుని తిడుతున్నాడు. కాక రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. ఆయన దాన్ని చూడటం లేదు, బండిని చూస్తున్నాడు. నిజం చెప్పడానికి అదే సమయం, చెప్పలేదు.

కట్టు కట్టించుకున్న నాలుగో రోజు ఆయన ఎడమ చేత్తో ఇంజను విప్పాడు. నేను ఎదురుగా ఉన్నాను. బోరు గోడ మీద లోతైన గాడి. అడుగున విరిగిన తీగ ముక్క. దాన్ని గోటి మీద పెట్టుకుని వెలుతురుకు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఏమన్న మర్చినమా?"

తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. "లేదు కాకా" అన్నాను మళ్లీ.

"అయితే నా చెయ్యే తప్పింది, సారు. మీరు పోయి పండుకోండ్రి."

ఊళ్లో అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు. నా చెయ్యే తప్పిందని. గాలా వేరేవాళ్లకు పోయింది. గని ఉద్యోగం ఎలాగూ పోయింది. వసారాలోకి బండ్లు రావడం తగ్గి, తర్వాత ఆగిపోయింది. ఆయన నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు, కాకపోతే మీరు అనేవాడు. దెబ్బతిన్న మనిషి కదా, బెరుకు వచ్చిందేమో అనుకున్నాను. అంత మూర్ఖుణ్ణి.

ఆరు నెలలకు నాకు బదిలీ అయింది. బండిని అక్కడే తుక్కు కింద అమ్మేశాను. స్టేషనుకు వచ్చి కాక నా చేతిలో గుడ్డ మూట పెట్టాడు. "మీ పాత సామాను, సారు. ఎవలది వాళ్లకియ్యాలె" అన్నాడు. విరూర్ స్టేషను దాటాక మూట విప్పాను. పాత పిస్టన్, రింగులు, పిన్ను ఉన్నాయి. వాటి మధ్య ఒక మరాఠీ పేపరు ముక్కలో రెండు వస్తువులు విడిగా చుట్టి ఉన్నాయి. తోకలేని విరిగిన ముక్క ఒకటి. తోక ఉన్న కొత్త లాకు, మెరుస్తూ, ఒకటి. విరిగినదానికి తోక లేదు, అంటే అది పాతదని చూడగానే తెలుస్తుంది. రెండోసారి ప్రశ్న అడిగినప్పుడే ఆయనకు అంతా తెలుసు. కొడుకా అన్నవాణ్ణి మీరు అనడం బెరుకు కాదు, దూరం పెట్టడం.

దిగి వెనక్కి పోవచ్చు, పోలేదు. ఉత్తరం రాయవచ్చు, కానీ ఆయనకు తెలుగు చదవడం రాదు, నాకు మరాఠీ రాయడం రాదు. ఆ సాకుతో పదకొండేళ్లు నెట్టుకొచ్చాను.

చివరికి వెళ్లేసరికి కాక చనిపోయి రెండేళ్లయింది. చిన్నమ్మ నన్ను చూసి, "బిడ్డా, గిప్పుడా వచ్చుడు?" అని ఏడ్చింది. నేను వసారాలో కూర్చుని అంతా చెప్పాను. లాకు ఎగరడం, పాతది వేయడం, రెండుసార్లు లేదు అనడం. ఆమె తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"ఆ లాకు ఉల్లిగడ్డల గంప కింద నాకే దొరికింది" అంది. "ఆయన చెయ్యి ఇరిగినంక వారానికి. తీస్కపోయి ఇస్తె ఒక్క మాట అనకుండ దాసిండు. ఆ దినం నేను ఊడ్సిన గద బిడ్డా, సేటు వచ్చిండని. నా చీపురుకే పోయిందనుకున్న. నేనే ఆయన చెయ్యి ఇరగ్గొట్టిన అనుకున్న. అడుగుదమంటె ధైర్యం చాలకపాయె. ఆయన పాణం పోయేటప్పుడు గూడ గదే అనుకుంట కూసున్న."

నా అబద్ధం నేను మోస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. మోసింది ఆమె.

"మరి ఆయనకు ఎరుకేనా, నా తప్పు కాదని?" అంది.

"ఎరుకే చిన్నమ్మా. గందుకే ఆ లాకు నా చేతికిచ్చిండు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఉల్లిగడ్డల గంప ఉండే మూల వైపు ఒకసారి చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, వంటింటి వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండా అంది.

"చాయ్ తాగి పోండ్రి, సారు."

తాగాను. ఆ లాకు ఇప్పటికీ నా టేబులు సొరుగులో ఉంది. ప్లాంటులో నా చేతికింద పనిచేసిన పిల్లలందరినీ ఏ మిషను మూసేముందైనా ఏమన్నా మరిచామా అని అడిగేవాణ్ణి, అడిగి ఆగేవాణ్ణి. మరిచాం సార్ అని చెప్పినవాళ్ల మీద ఒక్కసారీ కోప్పడలేదు. వాళ్లందరూ నన్ను సార్ అనే పిలుస్తారు, పిలిచిన ప్రతిసారీ నేను ఇంకా ఉలిక్కిపడుతూనే ఉంటాను.